చివరి పాఠం విన్నదెవరు?

ఏ ధర చెప్పినా సరేనని తలూపే మనిషిని చూస్తే కాటాకి మొదటినుంచీ అనుమానమే. అలాంటివాడు సరుకు కోసం వచ్చి ఉండడు, ఇంకెందుకో వచ్చి ఉంటాడు. ధాన్యం కొట్టులో గల్లాపెట్టె ముందు కూర్చుని నేర్చుకున్న ఆ ఒక్క సంగతే, కొట్టు మూతపడి డిటెక్టివ్‌గా మారాక కూడా అతనికి అన్నం పెడుతోంది. కొట్టుతో పాటు అసలు పేరు కూడా పోయింది. కాటా అన్న పేరు మాత్రం అతన్ని వదల్లేదు.

లాకప్పు ఊచల అవతల కూర్చున్న మనిషి అచ్చం అలాగే తలూపుతున్నాడు.

"నువ్వే చంపావా?"

"నేనేనండి."

"ఎందుకు?"

"చంపాలనిపించిందండి."

అతను మాజీ సైనికుడు. యుద్ధంలో లారీ నడిపాడు, ఆ తర్వాత ప్రొఫెసరు గారి కారు నడిపాడు. ఇంట్లోనూ కాలేజీలోనూ అందరికీ అతను సిపాయే. ఆ ప్రొఫెసరు గారే పొద్దున్న మెడికల్ కాలేజీలో తన పాఠం గదిలో శవమై కనిపించాడు. తల వెనక దెబ్బ. గదికి బయటినుంచి తాళం. ఒక తాళంచెవి ప్రొఫెసరు కోటు జేబులోనే ఉంది, రెండోది సిపాయి జేబులో దొరికింది. పోలీసులు అడగకముందే "నేనే" అన్నాడు. మధ్యాహ్నం మేజిస్ట్రేటు ముందు అదే మాట చెప్పబోతున్నాడు. అక్కడ ఒకసారి రాతలోకి ఎక్కిందంటే ఇక ఆ మాటను వెనక్కి తీసుకునే దారి లేదు. ఉరో, యావజ్జీవమో, రెండిట్లో ఒకటి ఖాయం.

ప్రొఫెసరు భార్య పొద్దున్నే కాటాకి ఫోను చేసింది. "వాడు కొట్టలేదు. వాణ్ణి బయటికి తీసుకురండి" అంది. ఏడవలేదు, ఇంకో మాట మాట్లాడలేదు.

"దేంతో కొట్టావు?" అన్నాడు కాటా.

"చేతికి దొరికిందాంతో."

"పూలకుండీ కదూ?"

"అవునండి. పూలకుండీయే."

"మరి ఆ కిటికీ అద్దం ఎందుకు పగలగొట్టావయ్యా?"

"కోపంలో పగిలిపోయిందండి."

వెనక బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్న ఇన్‌స్పెక్టరు పకపకా నవ్వాడు. ఇన్‌స్పెక్టరు స్వయానా కాటా బామ్మర్ది. స్టేషన్లో అతనికి భయపడనివాడు కాటా ఒక్కడే. ఇంట్లో అతను భయపడేది వాళ్ళక్కకి ఒక్కదానికే.

"బావా, నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఆ గదికి కిటికీయే లేదు. నువ్వింకా గది చూడలేదుగా."

"నేను చూడలేదురా, నిజమే" అన్నాడు కాటా తాపీగా. "మరి ఇతను చూశాడా?"

ఇన్‌స్పెక్టరు నవ్వు సగంలో ఆగింది.

"ఆ గదిలో పూలకుండీ ఉందా?" కాటా మళ్ళీ అడిగాడు.

"లేదు. కొట్టింది ఫిరంగి గుండు తాలూకు ఇత్తడి తొడుగుతో. రెజిమెంటు వాళ్ళు బహుమతిగా ఇచ్చిందట, పెన్నులు పెట్టుకునేవాడు. అయితే ఏంటి? భయంలో ఉన్నాడు, ఏదో వాగుతున్నాడు."

"ఇతను భయంలో ఉన్నాడంటావా?"

ఇద్దరూ ఊచల్లోంచి చూశారు. సిపాయి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, రైలు కోసం తీరిగ్గా ఎదురుచూసే మనిషిలా కూర్చున్నాడు. ఎన్నాళ్ళ నుంచో మోస్తున్న మూటని దింపుకున్నట్టు భుజాలు వదులుగా ఉన్నాయి. కాటాకి అది నచ్చలేదు. చేయని పనికి శిక్ష కోరుకునేవాడి దగ్గర, చేసిన పని ఇంకేదో దాగి ఉంటుంది.

"పద, గది చూపించు" అన్నాడు బామ్మర్దితో.

"చూపిస్తాను. చూసి ఇంటికెళ్ళిపో. పైవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. పెద్దాయనకి సైనిక లాంఛనాలతో అంత్యక్రియలట, ఈలోగా కేసు తేలాలట. తేలింది కూడా. నువ్వు దాన్ని మళ్ళీ కెలికితే అక్కతో చెప్తాను."

"చెప్పుకో. మీ అక్కే పంపింది నన్ను, 'తమ్ముడు తొందరపడతాడు, చూసి రండి' అని."

అది అబద్ధం. కానీ పనిచేసింది.

*

పాఠం గది నిజంగానే పెట్టెలా ఉంది. నాలుగు గోడలు, మందపాటి తలుపు, మెట్లుమెట్లుగా బల్లలు. కింద ప్రొఫెసరు మేజా, కుర్చీ. కుర్చీ వెనక గోడకి బట్టలు తగిలించుకునే కొక్కేలు. నేల మీద పెన్నులు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. మేజా కాలి దగ్గర ఎండిన నెత్తుటి మరక.

కాటా మరక కంటే ముందు హీటరు చూశాడు.

చిన్న కరెంటు హీటరు. గోడ దగ్గరి ప్లగ్గు నుంచి తీగ మేజాని దాటి మొదటి వరుస చివరిదాకా సాగి ఉంది. హీటరు ముఖం ఖాళీ బల్ల వైపు ఉంది. దాని ముందరి కాళ్ళ కింద బోర్డు తుడిచే డస్టరు పెట్టి కొంచెం పైకి ఎత్తారు.

"ఇది ఎవరు జరిపారు?"

"ఎవరూ ఏదీ జరపలేదు. పొద్దున్న ఎలా ఉందో అలాగే ఉంది. ముసలాయన, చలికి పెట్టుకుని ఉంటాడు."

కాటా వెళ్ళి ఆ బల్ల చివర కూర్చున్నాడు. మీట నొక్కాడు. వెచ్చదనం సరిగ్గా మోకాళ్ళకి తగిలింది.

"తనకి చలేస్తే హీటరు తన కుర్చీ వైపు పెట్టుకుంటాడు గానీ, ఖాళీ బల్లకి పెడతాడట్రా? ఇక్కడ ఎవరో కూర్చున్నారు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి. ఆయన తన వేడిని తీసి ఆ మనిషికిచ్చాడు."

"పోనీ సిపాయికే ఇచ్చాడేమో."

"డ్రైవరు మోకాళ్ళ కోసం ప్రొఫెసరు వంగి డస్టరు సర్దాడా? సరే, పెద్ద మనసనుకుందాం. ఇంకా ఏమున్నాయి నీ దగ్గర?"

ఇన్‌స్పెక్టరు తన తురుపుముక్క బయటికి తీశాడు. "సాక్షి ఉన్నాడు. ఇక్కడి అటెండరు. నిన్న సాయంత్రం ఇంటికెళ్తూ చెప్పిపోదామని ఇటొచ్చాడు. తలుపు ఓరగా ఉంది. లోపల ఎవరో 'మీ వెనక్కొస్తున్నా' అన్నారట. మెల్లటి గొంతు. ఆడో మగో పోల్చుకోలేదు. పాఠం నడుస్తోందనుకుని వెళ్ళిపోయాడు. విన్నావా? 'మీ వెనక్కొస్తున్నా'. శుద్ధ బెదిరింపు! వెనక్కొచ్చాడు, వెనక నుంచే కొట్టాడు."

"వెనక నుంచి కొట్టేవాడు నీకు చెప్పి వస్తాడా?"

ఇన్‌స్పెక్టరు మీసం దువ్వుకున్నాడు.

"వందమంది దొంగల్ని పట్టుకున్నావు. ఏ దొంగైనా 'అయ్యా, మీ జేబులో చెయ్యి పెడుతున్నా' అన్నాడా? ఆ మాట అన్న మనిషికి, అన్నప్పుడు, కొట్టే ఉద్దేశం లేదు. ఎదటివాడు ఉలిక్కిపడకూడదని చెప్పిన మాట అది. అలవాటుగా వచ్చిన మాట."

"ఎవరికుంటుంది బావా అలాంటి పిచ్చి అలవాటు?"

"అదే తెలియాలి" అంటూ కాటా హీటరు ఆర్పాడు.

"మేజిస్ట్రేటు భోజనం చేసి రాగానే నా పని నేను చేసుకుంటా. నీ హీటరు కోసం కోర్టు ఆగదు."

"ఆపమనలేదు. కాస్త నెమ్మదిగా నడిపించు."

*

ప్రొఫెసరు గారి ముందుగదిలో సామాను తక్కువ. అన్ని కుర్చీలూ గోడకి ఆనించే ఉన్నాయి. ఒక్క కుర్చీకి కూడా వెనక ఖాళీ జాగా లేదు. పరామర్శకి వచ్చినవాళ్ళ కోసం కాబోలు, ఒక కుర్చీ మాత్రం గది మధ్యకి లాగి ఉంది. కాటాని అందులో కూర్చోబెట్టింది ఆవిడ. కుడికాలు కాస్త ఈడుస్తోంది.

"వాణ్ణి వదిలారా?" అదే మొదటి మాట.

"ఇంకా లేదమ్మా. అతను కొట్టలేదని నాకు రుజువైంది. కానీ ఒకడు కొట్టలేదంటే సరిపోదు కదా, ఎవరు కొట్టారో చెప్పమంటారు."

గాలికి కిటికీ రెక్క కొట్టుకుంది. ఆవిడ లేచి, కుర్చీ పక్కనుంచి మెల్లగా అంది. "మీ వెనక్కొస్తున్నా బాబూ, రెక్క వేయాలి."

కాటా కదల్లేదు. వెనక గడియ పడిన చప్పుడు వినిపించింది. ఆవిడ మళ్ళీ ఎదురుగా వచ్చి కూర్చుని, మోకాళ్ళ మీద వేడినీళ్ళ సంచి పెట్టుకుంది. కాటా ఆ సంచి వంక చూశాడు. తూకం పడింది. ఎప్పుడూ తూకం పడగానే కలిగే తృప్తి మాత్రం ఈసారి రాలేదు.

"ఈ ఇంట్లో అందరూ అలా చెప్పే వెళ్తారామ్మా, వెనక్కి?"

"యుద్ధం నుంచి వచ్చినప్పట్నుంచీ అంతే. ఆయన వెనక ఎవరైనా కదిలితే వణికిపోయేవారు. ఊళ్ళో వాళ్ళందరి మనసులకీ వైద్యం చేసే మనిషి, సొంతింట్లో వీపు గోడకి ఆనించి అన్నం తినేవారు. నాకూ నోటికి అలవాటైపోయింది. పాలవాడికి కూడా చెప్తాను."

"నిన్న హీటరు మీ వైపు ఆయనే తిప్పారా?"

ఆవిడ వేడినీళ్ళ సంచిని రెండు చేతులతో పట్టుకుని, దాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత అంది.

"ఆయనే. కింద డస్టరు పెట్టి, చేత్తో వేడి చూసి, 'తగులుతోందా?' అని అడిగారు. అప్పుడు మొదలుపెట్టారు పాఠం."

ప్రొఫెసరు గారికి ఈరోజు వీడ్కోలు ఉపన్యాసం. ఏ పాఠమైనా ముందు ఆవిడకి వినిపించి గానీ చెప్పేవాడు కాదు. తలుపులేసుకుని, భార్య ఒక్కతే మొదటి వరుసలో. అది వాళ్ళ కాపురమంత పాత అలవాటు.

"ఆయన గురించి మీకేం తెలుసు?" అంది ఆవిడ.

"పేపర్లో చదివిందే. పెద్ద పేరని."

"ఆ పేరంతా ఒక్క గుడారంలో వచ్చింది. డాక్టరు చదువవగానే సైన్యంలో చేరారు. అప్పట్లో యుద్ధంలో మనసు చెదిరిన కుర్రాళ్ళని దూరంగా పెద్ద ఆస్పత్రులకి పంపేవాళ్ళు. వాళ్ళు మళ్ళీ మామూలు మనుషులయ్యేవాళ్ళు కాదు. ఈయన కాదన్నారు. ఫిరంగి చప్పుడు వినపడేంత దగ్గర్లోనే గుడారం వేశారు. మూడు రాత్రులు నిద్ర, వేడి అన్నం, గడ్డం గీయించి ఉతికిన బట్టలు. 'నీకు జబ్బు లేదు, అలసిపోయావంతే' అని చెప్పడం. నాలుగో రోజు లారీ ఎక్కించి అదే దళానికి తిప్పి పంపడం. పదిమందిలో ఎనిమిదిమంది తిరిగి వెళ్ళారని దేశదేశాల డాక్టర్లు మెచ్చుకున్నారు. ప్రొఫెసరు ఉద్యోగం కూడా అలాగే వచ్చింది. ఈయన శిష్యులు లేని సైనికాసుపత్రి లేదు."

"మరి నిన్న?"

"నిన్న ఆ మాటే తీశారు. 'ఎనిమిదిమందీ లారీ ఎక్కారు. అంతవరకే చూశాను నేను. ఎంతమంది ఇంటికొచ్చారని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే నా పేరు మిగలదని తెలుసు' అన్నారు."

సరుకు బండెక్కితే చాలు, అమ్ముడైపోయిందని రాసుకునే వ్యాపారులు కాటాకి తెలుసు. బండి ఏ వాగులో బోల్తా పడిందో వాళ్ళకి అనవసరం. కానీ అలాంటివాడు ఏళ్ళ తర్వాత తనంతట తాను వాగు దగ్గరికి వెళ్ళి నిలబడడం మాత్రం అతను చూడలేదు.

"తర్వాత ఒక కుర్రాడి సంగతి చెప్పారు. పంతొమ్మిదేళ్ళవాడు. చొక్కా బొత్తాలు పెట్టుకోలేనంతగా చేతులు వణికేవట. నాలుగో రోజు పొద్దున్న ఈయన కాళ్ళు పట్టుకుని పంపొద్దన్నాడట. ఈయన బొత్తాలు తనే పెట్టి పంపేశారు. 'రాత్రుళ్ళు నిద్రలో బుజ్జక్కా, బుజ్జక్కా అని పిలిచేవాడు' అన్నారు. అని, కాగితం మీంచి తలెత్తి నావైపు చూశారు."

కాటా కుర్చీలో ముందుకి వంగాడు.

"నన్ను ఆ పేరుతో పిలిచినవాడు లోకంలో ఒక్కడే, బాబూ. నా తమ్ముడు. వాడు ఈయన గుడారానికి రానేలేదనీ, వేరే చోట పోయాడనీ చెప్పారు నాకు. ఎన్నేళ్ళు! ఆ చేతులతోనే రోజూ నాకు మాత్రలు తీసిచ్చారు."

"అప్పుడు లేచారు."

"ఇంటికెళ్ళిపోదామనే లేచాను. నా శాలువా ఆయన కుర్చీ వెనక కొక్కేనికుంది. చూశారా, అంత కోపంలోనూ 'మీ వెనక్కొస్తున్నా' అనే అన్నాను. ఆయన తల తిప్పలేదు. నమ్మకంగా అలాగే కూర్చున్నారు. ఆ నమ్మకం చూశాక... గుండు తొడుగు నా చేతిలో ఉంది."



"వెంటనే పోయారా?"

"లేదు! మేజాకి ఆనుకుని కూర్చున్నారు. మాట్లాడారు. 'నువ్వు ఇంటికెళ్ళు, సిపాయిని పైకి పంపు. జారిపడ్డానని చెప్తాను' అన్నారు. కిందికి వెళ్ళి పంపాను. బస్సెక్కి ఇంటికొచ్చాను. రాత్రంతా కారు చప్పుడు కోసం కూర్చున్నాను. వాడు వెళ్ళేలోపే పోయి ఉంటారు. పాపం, నన్ను దాచడానికి నెత్తినేసుకున్నాడు."

"అందుకే నన్ను పిలిచారు."

"నన్ను ముట్టుకోకుండా వాణ్ణి బయటికి లాగుతారేమోనని ఆశపడ్డాను. సిగ్గులేని ఆశ." ఆవిడ సంచి పక్కన పెట్టి లేచింది. "ఒక తమ్ముణ్ణి ఒకరు పంపేశారు. తమ్ముడిలాంటి ఇంకొకణ్ణి నేను పంపలేను. కోర్టుకి తీసుకెళ్ళండి."

కాటా ఆవిడకి చెయ్యి ఆసరా ఇచ్చి కారెక్కించాడు. దారి పొడుగునా అతని ఆలోచన ఆ తాళం మీదే ఉంది. సిపాయిని పైకి పంపిందావిడ. బయటినుంచి తాళం పడింది. ఆ రెండు సంగతుల మధ్య ఇంకో సంగతి ఉంది. అది బయటపడకుండా ఉంటే బాగుండునని, ఈ వృత్తిలోకి వచ్చాక మొదటిసారి అనుకున్నాడు.

*

కోర్టు వసారాలో బెంచీ మీద సిపాయి, పక్కన ఇన్‌స్పెక్టరు. ఆవిడని చూడగానే సిపాయి బేడీలతోనే లేచాడు.

"అక్కా! నువ్వెందుకొచ్చావ్? ఇంటికెళ్ళు!"

"నోర్మూసుకుని కూర్చో" అంది ఆవిడ. "ఇన్‌స్పెక్టరు గారూ, కొట్టింది నేను. వీణ్ణి వదలండి."

ఇన్‌స్పెక్టరు బావ వంక చూశాడు. కాటా తలూపాడు. వేళాకోళం చేసే ముఖం కాదది.

"బావా, ఇప్పుడా చెప్పేది?" అన్నాడు గొంతు తగ్గించి. "శవపరీక్ష చేసిన డాక్టరు చెప్పినదాంతో ఇది కూడా సరిపోదు. దెబ్బ పెద్దది కాదట. నెత్తురు మెల్లగా పోయిందట. రాత్రి చాలాసేపు ప్రాణం ఉందన్నాడు. ఎవరైనా చూసుంటే బతికేవాడట. సిపాయి ఎలాగూ ఒప్పుకున్నాడు కదా అని నేను పట్టించుకోలేదు."

ఆవిడ చెయ్యి గోడకి ఆనించుకుంది. "చాలాసేపా?"

కాటా సిపాయి ముందు గొంతుక్కూర్చున్నాడు. "నువ్వు పైకెళ్ళేసరికి ఆయన బతికే ఉన్నారు కదూ?"

సిపాయి మొదటిసారి వెంటనే తలూపలేదు.

"ఎవరూ అది అడగలేదండి" అన్నాడు చివరికి. "దేంతో కొట్టావన్నారు, ఎందుకన్నారు. చంపాననే కదా నేనన్నది. అది అబద్ధం కాదు."

"ఏమన్నారు ఆయన?"

"'చెప్పేశాను రా మీ అక్కకి. డాక్టర్ని పిలు' అన్నారు. నాకేసి చెయ్యి చాపారు." సిపాయి ఆవిడ వైపు తిరిగాడు. కళ్ళెత్తలేదు. "అక్కా, నీ తమ్ముణ్ణి, చిన్నోణ్ణి, తీసుకెళ్ళిన లారీ నాది. నా పక్కనే కూర్చున్నాడు. వంతెన దగ్గర 'అన్నా, ఒక్క నిమిషం ఆపు, దిగిపోతాను, ఎటో పోతాను' అన్నాడు. ఎవరూ చూడట్లేదు. ఆపొచ్చు. నేను ఆపలేదు. అయ్యగారు నీకు చెప్పొద్దన్నారు. ఇన్నేళ్ళూ నీ చేతి అన్నం తిన్నాను. నిన్న నువ్వు కిందికొచ్చి 'నీకూ తెలుసా?' అని అడిగావు చూడు, దానికి నా దగ్గర జవాబు లేదు. పైకెళ్ళాను. ఆయన చెయ్యి చాపి అడుగుతుంటే నాకు వంతెనే కనపడింది. వాడి కోసం ఆగనివాణ్ణి, ఈయన కోసం ఎందుకాగాలనిపించింది. తలుపేసి తాళం వేశాను. బయటే మెట్ల మీద కూర్చుండిపోయాను. కొంతసేపు తలుపు కొట్టారు. తర్వాత కొట్టలేదు."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. పొద్దున్న తేలిపోయిందన్న కేసు ఇప్పుడతని చేతుల్లో నిలవడం లేదు. కాటాకి అతని మీద జాలి వేసింది. తన మీద అంతకంటే ఎక్కువ. పొద్దున్న ఆ హీటరుని చూసీ చూడనట్టు వదిలేసి ఉంటే ఒక్క మనిషే లోపలికి వెళ్ళేవాడు.

ఆవిడ నెమ్మదిగా వచ్చి బెంచీ మీద సిపాయి పక్కన కూర్చుంది. కొడుతుందనుకున్నాడేమో, అతను తల వంచాడు. ఆవిడ కొట్టలేదు, క్షమించాననీ అనలేదు. ఊడిపోయి ఉన్న అతని చొక్కా పై బొత్తాన్ని ఒక్కసారి చూసి, ముఖం తిప్పుకుంది.

తలుపు తెరుచుకుంది. బంట్రోతు బయటికి తొంగిచూసి విసుగ్గా అరిచాడు.

"ప్రొఫెసరు గారి కేసులో ముద్దాయి ఎవరండీ?"

ఇద్దరూ లేచి నిలబడ్డారు.